ఏడో రూలు

పోయిన శనివారం పొద్దున్న వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీసుకుంటుంటే మా సంఘం సెక్రటరీ వచ్చాడు. సంఘం అంటే మా తెలుగు చర్చి, మేము మందిరం అంటాం. ఈ సెక్రటరీకి నలభై లోపే ఉంటాయి. హిజ్లీలో కాలేజీ ఉద్యోగం, అక్కడే క్వార్టరు, మడత నలగని చొక్కా, చేతిలో ఫోను. మర్యాదస్తుడు, చెప్పులు గేటు దగ్గరే విడుస్తాడు. టీ వద్దంటూనే రెండు కప్పులు తాగి, "ఆంటీ, మందిరం ఎనకాల జాగాలో మళ్లీ ఇళ్లు కడతన్నాం. సిన్న ఫ్లాట్లు. రిటైరైన మనోళ్లకి. పాత లైనుకి రూల్సు మీరే టైపు సేసినారంట కదా, నాన్న సెప్పినారు. కాపీ ఉంటే ఇవ్వండి. డేటు మార్చీసి అదే పెట్టీస్తాం," అన్నాడు. వెతికి పెడతాను, రేపు ఆరాధన అయ్యాక రమ్మన్నాను. వెతకాల్సిన పనేమీ లేదు. ఆ కాగితం నా ట్రంకు పెట్టెలో, మా మేనత్త బైబిలు కింద ఉంది. కళ్లు మూసుకుని తీయగలను. అతను వెళ్లిపోయాక మళ్లీ పళ్లెం ముందుకి లాక్కున్నాను గాని, కాసేపటికి చూసుకుంటే గింజలన్నీ డబ్బాలో ఉన్నాయి, చింతపండు చెత్తలో ఉంది.

ఖరగ్‌పూర్‌లో రైల్వే వాళ్లకి ఇల్లంటే క్వార్టరే. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వేసే పనికి వచ్చారు. మా నాన్న క్వార్టర్లో పుట్టి, క్వార్టర్లో పెళ్లి చేసుకుని, ఉద్యోగంలో ఉండగానే క్వార్టర్లో పోయాడు. ఆయన బదులు నాకు టైపిస్టు ఉద్యోగం ఇచ్చి, ఆయన క్వార్టరు తీసుకుని ఇంకో చిన్నది ఇచ్చారు. ఉద్యోగం ఉన్నంతకాలం ఏ బాధా లేదు. నీళ్లు వాళ్లవి, కరెంటు వాళ్లది, గోడకి సున్నం కూడా వాళ్లదే. చిక్కంతా రిటైరైన రోజున వస్తుంది. మెడ నిండా బంతిపూల దండలు వేసి, శాలువా కప్పి, ఒక గోడగడియారం చేతిలో పెట్టి పంపిస్తారు. గడియారం ఇచ్చి గోడ తీసుకోవడం మా దగ్గర ఆనవాయితీ. మర్నాటి నుంచీ కనిపించిన ప్రతివాడూ "ఎప్పుడు కాళీ సేస్తన్నారు?" అని అడుగుతాడు. పోనీ ఊరికి వెళ్దామా అంటే అక్కడ మిగిలిన దాయాదులకి మేము కరకపూరోళ్లం. చుట్టపుచూపుగా వెళ్తే సంతోషిస్తారు, మూడోరోజున రైలు టైము అడుగుతారు. ఊళ్లో ఖరిదా బజారు సందుల్లో ఒక గది అద్దెకి తీసుకుంటే ముసలాయనా ముసలమ్మా ఒకరి మీద ఒకరు పడుకోవాలి.

మా మేనత్త, అంటే నాన్నకి అక్క, నాకు తల్లి లాంటిది. లాంటిది అని మాటవరసకి అంటున్నాను. అమ్మ నా నాలుగో ఏట పోతే నన్ను పెంచింది ఆవిడే. వాళ్లకి పిల్లలు లేరు. మావ వర్క్‌షాపులో ఫిట్టరు, నిజాయితీపరుడు, ఆ నిజాయితీ ఇంట్లోవాళ్లకి కొంచెం ఎక్కువయ్యేంతటి నిజాయితీపరుడు. క్వార్టరు గోడకి మేకు కొట్టకూడదని ఎక్కడో రూల్లో ఉందట. ఖరగ్‌పూర్‌లో ఆ రూలు పాటించిన మనిషి ఆయనొక్కడే అయి ఉంటాడు. "సర్కారోడి గోడ, మన అబ్బదేటి?" అనేవాడు. దానితో ముప్పై ఏళ్లపాటు మా అత్త ఇంట్లో కేలెండరు కిటికీ ఊచకి దారంతో వేలాడింది. గాలి వేస్తే నెలలు వాటంతటవే తిరిగిపోయేవి. జనవరిలో పడుకుంటే జూన్లో లేచేవాళ్లం. ఒక్క మేకు కొట్టుకుని, దానికి ఏదో ఒకటి తగిలించుకుని, దాన్ని చూస్తూ చచ్చిపోవాలని ఆవిడ కోరిక. నవ్వుతూ చెప్పేది గాని, నిజంగానే కోరిక.

మందిరం వెనక స్థలం ఏ కాలంలోనో ఒక దొరగారు కొని సంఘానికి ఇచ్చిపోయినది. పల్లపు నేల. వానాకాలం అంతా నీళ్లు నిలిచి, అయ్యగారి ప్రసంగానికి కప్పలు ఆమెన్ అనేవి. మిగతా రోజుల్లో ముళ్ల పొదలు, వాటిలో ఎవరివో మేకలు. ఎనభైల మొదట్లో అప్పటి పాస్టరు అయ్యగారు ఒక ఆదివారం బల్ల గుద్ది, దేవుడు మనకి ఇంత జాగా ఇస్తే మన ముసలివాళ్లు ఖరిదా సందుల్లో అద్దెకొంపలు వెతుక్కోవడం సిగ్గుచేటు అన్నారు. ఒక వరండా, ఒక గది, వంటిల్లు, పెరడు. అలాంటివి ఎనిమిది, ఒకే వరసలో. అందరూ ఆమెన్ అన్నారు, ఆ రోజు కప్పలతో పాటు. మగవాళ్లు విరాళాల గురించి మూడు నెలలు మీటింగులు పెట్టారు. ఆ మూడు నెలల్లో ఆడవాళ్లు పిడికెడు బియ్యం మొదలుపెట్టేశారు.

పిడికెడు బియ్యం సంగతి బయటివాళ్లకి తెలియకపోవచ్చు. మా ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. ఇంట్లో ఎంతమంది ఉన్నా, ఆ పూట కూర ఉన్నా లేకపోయినా ఆ పిడికెడు మాత్రం పక్కకి వెళ్లాల్సిందే. వారానికోసారి అది సంఘానికి చేరుతుంది. ఇళ్ల కోసం మా అత్త దాన్ని ఒక ఉద్యోగంలా పట్టుకుంది. శనివారం శనివారం గోనెసంచీ భుజాన వేసుకుని క్వార్టరు క్వార్టరుకీ తిరిగేది. అరచేతిలో పోసుకుని ఎవరింటి బియ్యమో చెప్పేది. "ఇయ్యి గార్డుగారివి, సగం రాళ్లే. ఇయ్యి డ్రైవరమ్మవి, బంగారం. ఇయ్యి మీ పిన్నివి, పిడికెడు కాదు సిటికెడు." అన్ని రకాలూ ఒకే సంచీలో పడేవి. ఖరిదాలో బియ్యం కొట్టు దాదా సంచీ మూతి విప్పి తల పట్టుకునేవాడు. "దీదీ, ఏ తో పాచ్‌మిశాలి చాల్!" అనేవాడు, అయిదు రకాల బియ్యం కలగలుపు అని. తిట్టుకుంటూనే కొని, ఒక హోటలుకి అంటగట్టేవాడు. ఓ రోజు మావ అక్కడ భోంచేసి వచ్చి, "అన్నం సగం జావ, సగం పలుకు. మన సంఘం బియ్యమే, సందేహం నేదు," అన్నాడు. ఆ జావా పలుకూ కలిసి ఇటుకలయ్యాయి. నాలుగేళ్లు పట్టింది.

కట్టినవాడు మేస్త్రి తాత. రైల్వేలో క్వార్టర్లు కట్టి కట్టి రిటైరైన మనిషి. ఆయన చేతికి ఇంకో రకం ఇల్లు రాదు. మా అయ్యగారు కాగితం మీద ఏదో కొత్తగా గీసి చూపిస్తే, తాత తల ఊపి, కాగితం జేబులో పెట్టుకుని, అచ్చు క్వార్టరే కట్టాడు. అదే వరండా, అదే చూరు, పెరటి మూల అదే మరుగుదొడ్డి, తలుపులకి అదే ఇటుకరంగు. ఆఖరికి గోడ మీద నల్ల చదరం వేసి అందులో తెల్ల అంకె కూడా వేశాడు. సంఘంలో ఎవరికీ ఏమీ వింతగా అనిపించలేదు. పైగా "మంచి పని, అచ్చం క్వార్టర్నాగే ఉంది" అని మెచ్చుకున్నారు. ఆడవాళ్లు శనివారాలు ఇటుకలు మోశారు. నేనూ మోశాను. మా అత్త ఇటుక నా నెత్తిన పెడుతూ, "జాగర్తే గుంటా, ఇందులో గార్డుగారి రాళ్లున్నాయి," అనేది.

ఇళ్లు లేచాక ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. ప్రపంచంలో ఇంకెక్కడైనా అయితే చీట్లు వేసేవారు, లేదా ఎవరికి ఎక్కువ అవసరమో చూసేవారు. మా సంఘ పెద్దలు సీనియారిటీ లిస్టు వేశారు. సంఘంలో చేరిన తేదీని బట్టి. పర్లాకిమిడి సంఘం నుంచి వచ్చిన ఒకాయన తన అక్కడి సర్వీసు కూడా కలపమన్నాడు. సొంత కోరిక మీద బదిలీ అయినవాడికి పాత సీనియారిటీ వర్తించదని రైల్వే రూలు చూపించి ఆయన్ని అడుక్కి తోశారు. ఆయన నెల రోజులు మందిరానికి రాలేదు. అందరూ మగవాళ్ల పేర్లే. సంఘం రిజిస్టర్లో ఆడవాళ్లకి ఫలానావారి భార్య అన్న పేరు తప్ప వేరే పేరు లేదు. బియ్యం పోగుచేసిన మా అత్త ఆ లిస్టులో ఎక్కడా లేదు. మావ రెండో నెంబరు. ఇల్లు వచ్చింది కదా, పేరు ఎవరిదైతేనేం అనుకున్నాం.

ఇక రూల్సు కావాలి. ఆ పని హెడ్‌క్లర్కు బాబాయి మీద పడింది. బాబాయి అంటే వరసకే, మా నాన్న స్నేహితుడు. మా అత్తని నోరారా అప్పా, అంటే అక్కా, అని పిలిచేవాడు. చేతిరాత ముత్యాలకోవ. నేను టైపు చేసిన ప్రతి ఉత్తరం ఆయన బల్ల మీదుగానే పోయేది. ఓ మధ్యాహ్నం లంచ్ అవర్లో నా మిషను దగ్గరికొచ్చి, క్వార్టరు కేటాయింపు ఫారం నా ముందు పెట్టాడు. "అమ్మా, ఇదే కొట్టీ. రైల్వే అని ఉన్న సోట సంఘం అని కొట్టు. ఉద్యోగి అని ఉన్న సోట సభ్యుడు అని కొట్టు. అంతే." డబ్బాలో పులిహోర చల్లారుతోంది. నేను టకటకా కొట్టుకుపోయాను. ఏడో రూలు దగ్గర మాత్రం ఒకసారి ఆగాను. ఉద్యోగి రిటైరైనా, మరణించినా కుటుంబం మూడు నెలల్లో ఖాళీ చేయాలి, దగ్గరి బంధువులకి ఊళ్లో వేరే వసతి ఉంటే గడువు పెంచబడదు, అని ఉంది అందులో. "బాబాయ్, మనోళ్లంతా రిటైరైనోళ్లే కదా, రిటైరైతే కాళీ సెయ్యాలంటే ఎలాగ?" అన్నాను. ఆయన పకపకా నవ్వి, "మంచి పని, అది తీసీ," అన్నాడు. రిటైరు అన్న మాట తీసేశాను. మరణం అన్న మాట ఉంచాను. ఇద్దరం పెద్ద తప్పు దిద్దినట్టు సంతోషించి, పులిహోర చెరిసగం తిన్నాం. క్వార్టరు ఖాళీ చేయడమంటే ఏమిటో మా కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. నాన్న పోయాక మూడో నెలలో సామాను బండికెత్తించిన చేతులే ఆ మిషను మీద ఉన్నాయి. అయినా తట్టలేదు. ఇంటి కాగితం అంటే మాకు ఇంకో రకం తెలియదు మరి.

ఫారం ఇంగ్లీషులో ఉంది. చదివినవాళ్లు లేరు, అందరూ సంతకాలు పెట్టారు. మావ సంతకం చేస్తుంటే అత్త నా జబ్బ గిల్లి, "ఏటి రాసినావే అందులో?" అంది.

"మామూలే అత్తా. క్వార్టరుకి ఉన్నట్టే."

"అయితే మేకు కొట్టకూడదేటి?"

మేకుల రూలు పదకొండోది. అది కూడా ఉన్నదున్నట్టు టైపు చేశాను, అలవాటుగా. "నువ్వు కొట్టుకో అత్తా, నాను సూసుకుంటాను," అన్నాను. ఆ మాట నేను అన్నది అదే మొదటిసారి.

ఇంట్లో దిగిన రోజున అయ్యగారు ప్రార్థన చేసి ఇంకా గేటు దాటలేదు, మా అత్త సుత్తి తీసింది. మావ నేల చూపులు చూస్తున్నాడు. రెండుసార్లు వేలి మీద కొట్టుకుంది, మూడోసారికి మేకు దిగింది. దానికి మావ రిటైర్మెంటు గడియారం తగిలించి, వెనక్కి నడిచి, గుమ్మంలో నిలబడి చూసింది. గడియారం కాస్త ఎడమకి ఒరిగింది. సరి చేయబోతే నన్ను చెయ్యి వేయనివ్వలేదు. "దాని ఇష్టం, ఉండనీ. దాని ఇల్లు అది," అంది. ఆ ఇంట్లో ఉన్న ఏడెనిమిదేళ్లూ మా అత్తకి కాలం ఎడమకి ఒరిగే నడిచింది. పెరట్లో బచ్చలి తీగ వేసింది, అది దొడ్డి మీదికెక్కి, పక్కింటి దొడ్డి మీదికి దిగింది. మావ వరండాలో కూర్చుని దారినపోయే ప్రతివాడి సైకిలు చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పేవాడు. నేను ఆదివారాలు అక్కడే తినేదాన్ని. అంత సుఖం మళ్లీ నేనెక్కడా చూడలేదు. చూడలేదని ఒప్పుకోవడానికి కోపంగా ఉంటుంది.

తొంభైల మొదట్లో ఓ చలికాలం ఉదయం మావ వరండాలో కుర్చీలోనే పోయాడు. సరిగ్గా అదే నెలాఖరుకి హెడ్‌క్లర్కు బాబాయి రిటైరయ్యాడు. దండలు, శాలువా, గోడగడియారం. ఆయన కొడుకులిద్దరూ దూరపు ఊళ్లలో ఒక్కొక్క గదిలో కాపురాలు. ఆయనకి క్వార్టరు ఖాళీ నోటీసు వచ్చింది. సంఘం లిస్టులో తర్వాతి నెంబరు ఆయనదే. ఎనిమిది ఇళ్లలో ఖాళీ అయినట్టు లెక్కకొచ్చింది మా అత్త ఇల్లొక్కటే. ఆయన్ని దుర్మార్గుడని రాసేస్తే నాకు సుఖంగా ఉండేది. కాదు. మావ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన కూడికకి ఆయనే వచ్చి వంటలు చూశాడు, మావ ఫోటో ముందు నిలబడి బావా బావా అని ఏడ్చాడు. మళ్లీ వారం సంఘం తరఫున అత్తకి నోటీసు పట్టుకొచ్చాడు. ఆ ముత్యాలకోవ చేతిరాతతో. "రూల్ అంటే రూల్ అప్పా. నన్నేటి సెయ్యమంటావు? నానూ నీ మరదలూ రోడ్డు మీద పడతాం," అన్నాడు. అత్త ఆయనకి టీ ఇచ్చింది. "ఇది మీ బావ పోతే పోయే ఇల్లని నాకెవులూ సెప్పనేదు తమ్ముడూ," అంది. ఆయన నన్ను చూశాడు. నేను బచ్చలి తీగని చూశాను.

నేను అపీలు టైపు చేశాను. నిజం చెప్పాలంటే నేనంత భయపడలేదు. ఆఫీసు మనిషిని కదా. నోటీసు ఇవ్వడం వాళ్ల పని, అపీలు పెట్టడం మన పని, ఆ తర్వాత ఫైలు పని. నా సర్వీసులో మూడేళ్లకి ముందు కదిలిన ఫైలుని నేను చూడలేదు. ఒక రిమార్కు రాయించి, దానికి ఇంకో రిమార్కు తగిలిస్తే మా అత్త బతికినంతకాలం ఆ ఇంట్లోనే ఉంటుంది, బాబాయికి ఈలోగా ఇంకేదో దొరుకుతుంది అనుకున్నాను. అన్నీ రైల్వే లాగే చేసుకున్న మా సంఘం ఈ ఒక్క విషయంలో రైల్వే లాగ చేయలేదు. మూడో ఆదివారానికి అపీలు మీటింగుకొచ్చింది.

ఆరాధన అయ్యాక మందిరం పక్కగదిలో పెద్దలు కూర్చున్నారు. ఎనిమిదిమంది మగవాళ్లు, అందరూ రైల్వే. అత్తని లోపలికి పిలవలేదు. బయట చివరి బల్ల మీద, తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. టైపు చేసిన మనిషిని కాబట్టి నన్ను పిలిచారు. తలుపు తీసే ఉంది. అయ్యగారు కొత్తవారు, ముందువారికి బదిలీ అయింది. ఆయన కాగితం చదివి, రూలు ఇంత స్పష్టంగా ఉంటే నేనేం చెయ్యను అన్నట్టు కళ్లజోడు తీశారు. ఒకాయన, పాపం, బియ్యం పోగుచేసిన మనిషి కదా అన్నాడు. బియ్యం అందరివీ అన్నాడు ఇంకొకాయన. అప్పుడు బాబాయి నా వైపు తిరిగాడు. గొంతులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. "అమ్మా, నీకు క్వార్టరు ఉంది కదా. మీ అత్త నిన్ను కన్నతల్లి కన్నా ఎక్కువగా పెంచింది. ఆవిడ్ని నువ్వు సూసుకోవా ఏటి?"

ఆ ప్రశ్నకి జవాబు ఏముంది చెప్పండి. చూసుకోను అంటే నేను కుక్క కన్నా హీనం. చూసుకుంటాను అంటే దగ్గరి బంధువుకి ఊళ్లో వేరే వసతి ఉన్నట్టు. ఏడో రూలు రెండో వాక్యం. నేను కొట్టిన వాక్యమే. ఎనిమిది జతల కళ్లు నా మీద ఉన్నాయి. తెరిచిన తలుపులోంచి తెల్లకొంగు కనబడుతోంది, ఆవిడకి ప్రతి మాటా వినబడుతుందని తెలుసు. సూసుకోడం వేరు, ఆవిడ ఇల్లు ఆవిడకుండడం వేరు, ఆ ఇల్లు మీరిచ్చిన భిక్ష కాదు, ఆవిడ అయిదు రకాల బియ్యం మోసి కట్టుకున్నది, అనాల్సింది. అవన్నీ నాకు తర్వాత వచ్చాయి. ఇప్పటికీ గిన్నెలు తోముకుంటుంటే వస్తాయి, ఒక్కోసారి పైకే అనేస్తుంటాను. ఆ రోజు మాత్రం నోట్లోంచి వచ్చింది ఒకటే మాట. "సూసుకుంటాను," అన్నాను. బాబాయి, "అదీ మా పిల్ల," అన్నాడు. అయ్యగారు ప్రార్థన చేసి మీటింగు ముగించారు.

అప్పగింత కూడా క్వార్టరు పద్ధతిలోనే జరిగింది. బాబాయి కాగితం, పెన్ను పట్టుకుని గదిగదికీ తిరిగి పైకి చదువుతూ రాసుకున్నాడు. కొళాయి ఒకటి. కిటికీ అద్దాలు నాలుగు, పగిలినది ఒకటి. తలుపు గడియ ఒకటి. అత్త అప్పటికే మూటలు కట్టేసింది. గడియారం దింపి, సుత్తి వెనకవైపుతో మేకు పీకింది. గోడ పెచ్చు కొంచెం రాలింది. మేకుని చేతిరుమాల్లో చుట్టి రొంటిన దోపుకుంది. "గోడకి కన్నం ఒకటి. అది నాను సేసిందే, రాసుకో తమ్ముడూ," అంది. ఆయన పెన్ను ఆగింది. తర్వాత, నా కళ్లముందే, రాసుకున్నాడు.

నా క్వార్టర్లో మా అత్త ఆరేళ్లు ఉంది. మూటల్లో రెంటిని ఎప్పుడూ విప్పలేదు. గడియారం నా బీరువా మీద పడుకోబెట్టి ఉండేది, ఎవరికైనా టైము కావాలంటే మెడ వంచి చూడాలి. "మేకు కొట్టనా అత్తా?" అని ఎన్నోసార్లు అడిగాను. "వొద్దులే. నువ్వూ రిటైరు అవుతావు కదా," అనేది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఆవిడకి తిట్లు బాగా వచ్చు. వంట తనే చేసేది. బియ్యం ఎసట్లో పోసేముందు చెయ్యి దానంతటదే ఒక పిడికెడు తీసి పాత డబ్బాలో వేసేది. వారమంతా అలా వేసి, ఆదివారం పొద్దున్న నేను మందిరానికి చీర కట్టుకుంటుంటే, ఆ డబ్బాలో బియ్యం తెచ్చి మళ్లీ మా బియ్యం డబ్బాలో కుమ్మరించేసేది. నాకు వినబడేలాగే కుమ్మరించేది. ఆదివారాలు ఆ బియ్యమే వండేది. నేను తినేదాన్ని.

బాబాయి ఆ ఇంట్లో ఎన్నాళ్లో ఉండలేదు. మూడో ఏడు గుండెపోటుతో పోయాడు. పిన్నికి నోటీసు వచ్చింది. పెద్దకొడుకు తన గదిలో ఇంకో మంచం వేస్తానని ఒప్పుకున్నాడు, అంటే వేరే వసతి ఉన్నట్టే. పిన్ని ఖాళీ చేసే రోజు పొద్దున్నే మా అత్త చీర మార్చుకుని బయల్దేరింది. దెబ్బలాటకేమోనని వెనకే వెళ్లాను. ఆవిడ కొంగు బిగించి, పిన్ని సామాన్లు మూటలు కట్టడం మొదలుపెట్టింది. మూటలు కట్టడంలో మా వాళ్లందరిలోకీ ఆవిడే దిట్ట. తిరిగి వస్తూ దారిలో, సుభాష్‌పల్లి మలుపు దగ్గర, అత్త ఆగి నా చెయ్యి పట్టుకుంది. "మీ బాబాయి గడియారం తగిలించుకున్నాడే. నా కన్నంలోనే కొట్టినాడు మేకు. ఇంకో సోట కొట్టనేదు," అంది. అది కోపమో జాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆవిడ నడక మాత్రం మళ్లీ మొదలుపెట్టింది, నా కన్నా ముందు.

ఒక్కొక్కరే మగవాళ్లు పోయారు, ఒక్కొక్కరే ఆడవాళ్లు ఖాళీ చేశారు. ఎనిమిది ఇళ్లలోనూ అదే వరస. మా మగవాళ్లు ముందు పోతారని, రూలు రాసినప్పుడు ఎవరైనా చుట్టూ చూసి ఉంటే తెలిసేది. మందిరంలో ఎడమవైపు బల్లల నిండా తెల్లచీరలే కదా. అత్త పోయింది. ఆ ఇళ్ల లైను పాడుబడి కూలింది. నేను రిటైరై, క్వార్టరు అప్పగించి, ఈ సుభాష్‌పల్లి అద్దె ఇంట్లో దిగాను. నాకిచ్చిన గోడగడియారమూ, మావదీ రెండూ బల్ల మీదే పడుకుని ఉన్నాయి. ఇంటివాళ్లు చాలా మంచివాళ్లు, మేకు కొట్టుకో దీదీ అంటారు.

శనివారం సాయంత్రం ట్రంకు తీసి కార్బన్ కాపీ బయటపెట్టాను. అక్షరాలు కాస్త వెలిశాయి గాని చదవడానికి బాగానే ఉన్నాయి. నా టైపింగులో తప్పులుండవు. కాగితం అడుగున ఖాళీ జాగాలో పెన్నుతో తెలుగులో రాశాను: ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి, ఒకరు పోతే రెండోవారిని బతికున్నంతకాలం కదపకూడదు. రెండుసార్లు గీత గీశాను కింద. ఆదివారం సెక్రటరీ వచ్చాడు. తెలుగు కూడబలుక్కుని చదవబోతుంటే నేనే చదివి వినిపించాను. ఎందుకో కూడా చెప్పాను, ఇంత పొడుగునా కాదు గాని చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "పాపం ఆంటీ. మంచి పాయింటే. కమిటీలో పెడతాను," అన్నాడు. మీ అమ్మ కులాసాయేనా అని అడిగాను. "బాగుంది ఆంటీ. నాన్నకి లిస్టులో మూడో నెంబరు వొచ్చింది. అమ్మ అప్పుడే కర్టెన్లు సూసుకుంటోంది," అన్నాడు నవ్వుతూ. అని, కాగితం బల్ల మీద చదునుగా పరిచి, ఫోను పైకెత్తి, కొంచెం కిందికి, మళ్లీ కొంచెం పైకి జరిపాడు. నేను రాసిన వాక్యం ఫోటోలో పడకుండా చూసుకుంటున్నాడని అర్థమయ్యేసరికి క్లిక్కుమంది. "అది ఒరిజినల్‌లో నేదు కదా ఆంటీ, మళ్లీ కన్‌ఫ్యూజన్," అన్నాడు మర్యాదగా.

ఆ రూల్సు కొట్టడానికి నాకు ఒక లంచ్ అవర్ పట్టింది, అతనికి ఒక్క క్షణం చాలింది. ఇన్నేళ్లలో కాలం మాకు చేసిపెట్టిన మేలు ఇంతే, అదే పని త్వరగా అవుతోంది.